పిల్లల గదికి పెద్దదిక్కు

“అత్తయ్యా, కళ్ళజోడు తీసి ఇటు చూడండి,” అని ఆమె మళ్ళీ అడిగింది. హాల్లో తెల్లగోడ ముందు కుర్చీ వేసి ఇంటిల్లిపాదికీ ఫోన్‌లో ఫొటోలు తీస్తోంది. ఓడ ఎక్కేవాళ్ళందరి ఫొటోలూ ముందే పంపాలి. నీడ పడకూడదు, నవ్వకూడదు, కళ్ళజోడు ఉండకూడదు. అత్తగారు కళ్ళజోడు తీస్తే ఫోన్ ఎటుందో కనపడదు, పెట్టుకుంటే ఫొటో చెల్లదు. ఇక పిల్లలు, నవ్వొద్దన్నాక ఊరుకుంటారా, ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. భర్త సోఫాలోంచి లేవకుండానే, “ఇంకా ఎంతసేపు? ఫోన్‌లో నొక్కడమే కదా, కొండలు పిండి చేస్తున్నట్టు చేస్తావేం,” అన్నాడు.

అసలీ ప్రయాణం ఆమె కోరిక. ఎటు చూసినా నేల కనపడని నీళ్ళ మధ్య, కిటికీ పక్కన, ఎవరూ లేపకుండా తనంతట తాను ఒక్క పొద్దున్న నిద్ర లేవాలి. అంతకన్నా ఏమీ అనుకోలేదు. నోరు జారి ఒకసారి భర్తతో అంటే, “మంచి ఆలోచనే” అని ఆయన తల్లినీ, చెల్లెలినీ, బావగారినీ, వాళ్ళబ్బాయినీ కూడా కలిపేశాడు. ఆమె, ఆయన, తమ ఇద్దరాడపిల్లలు ఎటూ ఉన్నారు. కోరిక ఆమెదేనన్న సంగతి ఆ సందట్లో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

మూడు గదులు దొరికాయి. ఒకటి ఆడపడుచు దంపతులకి. తెరుచుకోకపోయినా పెద్ద కిటికీ ఉన్న రెండు మంచాల గది అత్తగారికి, ఆవిడకి తోడుగా కొడుకు. మిగిలింది లోపలి గది. దానికి కిటికీ లేదు. రెండు మంచాలు కింద, రెండు గోడలోంచి దించుకునేవి. అది పిల్లల గది అన్నారు. అంటూ ఆమె వైపు ఎవరూ చూడనైనా లేదు, చూడాల్సిన పనేముంది? “వదినుందిగా,” అంది ఆడపడుచు. “మావాడికి కూడా వదిన పక్కనుంటేనే నిద్ర పడుతుంది.” మావాడు నిద్రలో పక్క తడుపుతాడన్న సంగతి ఆ తియ్యటి మాటలో లేదు.

కిందటేడు కొండ మీద కాటేజీలోనూ అంతే. అందరూ సూర్యోదయం చూడటానికి వెళ్తే ఆమె దుప్పటి ఉతికి కిటికీ ఊచలకి ఆరేసింది. తిరిగొచ్చాక భర్త ఫోన్‌లో ఫొటోలు చూపించి, “అయ్యో, నువ్వు మిస్సయ్యావు,” అన్నాడు. నిజంగా బాధపడుతూనే అన్నాడు. వెటకారంగా అన్నా బావుండేదని, ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది ఆమెకి.

టికెట్లు తీసింది కూడా ఆమే, ఆఫీసులో భోజనం మానుకుని. నీది కూర్చుని చేసే ఉద్యోగమేగా, అన్నాడాయన. కానీ అందరి తరపునా ముఖ్య ప్రయాణికుడు ఎవరని అడిగినప్పుడు మాత్రం సోఫాలో నిటారుగా కూర్చున్నాడు. “నా పేరే పెట్టు. ఇంటికి మగవాణ్ణి నేనుండగా నీ పేరుంటే మా బావ ఏమనుకుంటాడు?” ఆమె పెట్టింది. పెద్దవాళ్ళ తోడు లేని గదిలో పిల్లల్ని ఓడవాళ్ళు ఉంచరు. ముఖ్య ప్రయాణికుడు ఎవరో ఆ మనిషినే పిల్లల గదికి పెద్దదిక్కుగా వేసేసింది ఓడ కంపెనీ. అలా కాగితం మీద ఆయన ముగ్గురు పిల్లలతో లోపలి గదిలోకీ, ఆమె అత్తగారితో కిటికీ గదిలోకీ చేరారు.

కంగారుగా కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. పిల్లల చేతికి ఒక పట్టీ కడతారట. దాని మీద ఆ గదిలోని పెద్దమనిషి పేరుంటుందట. ఆటల గదిలో దింపాలన్నా, తిరిగి తెచ్చుకోవాలన్నా, కడుపు నొప్పన్నా, వాంతి చేసుకున్నా ఆ మనిషినే పిలుస్తారు, ఇంకొకరికి అప్పజెప్పరు. “మార్చుకోవాలంటే ఎక్కే రోజు కౌంటర్ దగ్గర ఒక్క మాట చెప్పండి మేడమ్. ఓడ కదిలాక మాత్రం దిగేదాకా కుదరదు.” ఈ సంగతంతా భర్తకి చెప్తే, “అక్కడ నువ్వే చూసుకో,” అన్నాడు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. చూసుకుంటానంది. నిజంగానే చూసుకుందామనుకుంది.

ఓడరేవు హాలు జనంతో కిటకిటలాడుతోంది. పెట్టెలకి చీటీలు కట్టింది, అత్తగారికి కుర్చీ సంపాదించింది, పిల్లల్ని బాత్రూమ్‌కి తిప్పింది, అందరి పాస్‌పోర్టులూ చేతిలో పట్టుకుని లైన్లో నిలబడింది. భర్తా, ఆడపడుచూ, బావగారూ అద్దాల గోడ దగ్గర వెనక ఓడ కనపడేలా ఫొటోలు తీసుకుంటున్నారు. “మన టూర్ మేనేజర్ ఉండగా మనకేం దిగులు,” అని బావగారు అంటే అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ ఆమె కూడా నవ్వింది.

కౌంటర్ దగ్గర అమ్మాయి పాస్‌పోర్టులు చూసి, పిల్లల పట్టీలు మూడూ బల్ల మీద పెట్టి, తలెత్తి అడిగింది. “గదులు ఇలాగే ఉంచమంటారా మేడమ్, ఏమైనా మార్పులున్నాయా?”

మార్చమనే మాట నోటి చివరే ఉంది. ఇంట్లో ఎన్నిసార్లు అనుకుందో, దారిలో కారులో కూడా మర్చిపోకూడదని ఇంకోసారి అనుకుంది. కానీ ఆ అమ్మాయి ఇంకా అలాగే చూస్తోంది, తొందరపెట్టకుండా. ఎలా ఉంచమంటారని ఆమెని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయింది? ఎవరు ఏ గదిలో, ఎవరు ఏ మంచం మీద, ఎవరి దుప్పటి ఎవరు ఉతకాలి, ఇవన్నీ ఎవరో అనేసినవే, ఆమె సర్దుకున్నవే. ఇప్పుడు ఒక పరాయి పిల్ల అడుగుతోంది. పైగా తను చేసిన తప్పేమీ లేదు. ఆయన పేరు పెట్టమంటే పెట్టింది. మార్చమని చెప్తే మళ్ళీ ఆ కిటికీ లేని గదిలోకి తనే తన చేత్తో తలుపు తీసుకుని వెళ్ళినట్టు.

“మార్పులేం లేవమ్మా. ఇలాగే ఉంచండి.”

పక్కన కుర్చీలో ఉన్న అత్తగారు ఆ మాట విని తల తిప్పి కోడలి వైపు చూసింది. కొడుకుని కేకేస్తుందేమో అనుకుంది ఆమె. అత్తగారు కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

“కిటికీ వైపు మంచం నువ్వే తీసుకో అమ్మాయ్. నాకా గాలి పడదు.”

ఆ కిటికీ తెరుచుకోదని ఇద్దరికీ తెలుసు.

అందరి కార్డులూ చేతికొచ్చాయి. పిల్లల చేతులకి పట్టీలు కడుతుండగా భర్త వచ్చాడు. “అయిందా? ఆ గది సంగతి మార్పించావా?”

“లేదండీ. ఇలాగే ఉంచమన్నాను.”

“అదేంటి? వెళ్ళి చెప్పు, ఇంకా టైముందిగా.”

“ఉంది. కానీ నేను చెప్పను.”

ఆయన కౌంటర్ వైపు చూశాడు, బావగారి వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. తల్లి ఓడని చూస్తోంది. “మామయ్యా, మనిద్దరం ఒకే గదా?” అని ఆడపడుచు కొడుకు ఆయన చెయ్యి పట్టుకుని ఊగాడు. ఆమె భుజానికున్న సంచీ తీసి భర్త రెండో చేతికి తగిలించింది.

“రబ్బరు షీటు పై అరలోనే ఉంది. మధ్యలో ఒకసారి లేచి వాణ్ణి లేపండి, పక్క తడపడు.”