నికోలా అనే మనిషి లేడు

"నా పాటల కాళ్లు విరగ్గొట్టింది మీరే! మీ ముగ్గురే! ముప్పై ఐదేళ్లు వాటిని కుంటిస్తూ ఊరంతా తిప్పారు, పైగా ఆహా ఓహో అని చప్పట్లు కూడానా?"

తలుపు తోసుకొచ్చి అరిచినావిడకి అరవై దగ్గర పడి ఉంటాయి. ఒక చేతిలో ఎండు అంజూరపళ్ల సంచి, రెండో చేతిలో నలిగిన ఉత్తరం. జుట్టంతా సముద్రపు గాలి పీకి వదిలేసినట్టుంది.

లీవియో నోట్లో ఆలివ్ కాయ అలాగే ఉండిపోయింది. ఆ ఉత్తరం తనదే. ఆకుపచ్చ సిరా ఇంత దూరానికీ తెలుస్తోంది. కానీ అది రాసింది ఈవిడకి కాదు. ఒక మగాడికి.

"ఏవమ్మా, ఇక్కడో పద్ధతుంది," అంది ఒండీనా కుర్చీలోంచి కదలకుండా. "అట్ట ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి."

ఆవిడ రెండంగల్లో వచ్చి ఒండీనా ఒళ్లోని రికార్డు అట్టని లాక్కుంది. "పట్టుకున్నా. ఇక నోరు మూసుకుని వినండి."

వాళ్లలో చిన్నవాడైన మార్చెలో ఫక్కున నవ్వాడు. ఆ ఊళ్లో షోరా అంటే అమ్మగారు, షోర్ అంటే అయ్యగారు. "షోరా ఒండీనా, నీ చేతిలోంచి అట్ట లాక్కున్న మొదటి మనిషి ఈవిడే. సభ్యత్వం ఇచ్చేద్దాం."

రియెకా ఊళ్లో రేవు వెనకాల అట్టపెట్టెల కార్ఖానా మూతపడ్డాక మిగిలిన టీ గది అది. ఆదివారం పదకొండింటికి అక్కడ చేరతారు. వారానికి ఒకరు చొప్పున ఒక ఆల్బమ్ తెస్తారు. సూది పడ్డాక రెండు వైపులూ అయ్యేదాకా ఎవరూ కిక్కురుమనకూడదు. తర్వాత అట్ట చేతులు మారుతుంది. పట్టుకున్నవాడు ఉన్నదున్నట్టు చెప్పాలి, చెప్పి తన మార్కుగా ఆలివ్ గింజలు సాసరులో వెయ్యాలి. ఐదుకి మించకూడదు. తెచ్చినవాడు మాత్రం అట్ట అందరినీ చుట్టి తన దగ్గరికి వచ్చేదాకా నోరు విప్పకూడదు. వినకుండానే రాసేసే పత్రికల పండితులకి పూర్తిగా విన్నాకే మాట్లాడాలన్న ఈ ఒక్క నియమం పెడితే సగం మంది ఇళ్లకి పోవాల్సి వస్తుంది. ఈ ముగ్గురూ మాత్రం ఎనభై ఎనిమిది నుంచి దాన్ని తప్పలేదు. దేశం పేరు మారింది, నోట్లు మూడుసార్లు మారాయి, వీళ్ల నియమం మారలేదు.

లీవియో రేవులో క్రేన్లు బాగుచేసి రిటైరైన మనిషి, రికార్డు ప్లేయరు అతనిదే. ఒండీనా మందుల షాపు నడిపి మానేసింది. డెబ్బై ఏళ్లొచ్చినా నాలిక పదును తగ్గలేదు. మార్చెలో సిటీ బస్సు డ్రైవరు, అందరికన్నా చిన్నవాడు. పాటకి ముందు డ్రమ్స్ వింటాడు, తర్వాత వాచీ చూస్తాడు. ఆ ఉదయం స్లొవేనియా కుర్రాళ్ల ఆల్బమ్ ఒకటి విన్నారు. "పాటలు మంచివే. అకార్డియన్ వాడికే, పెళ్లికి పిలిచారు గదా వాయించకుండా ఎలా పోవడం అని మొహమాటం," అని ఒండీనా రెండు గింజలు వేస్తుండగా తలుపు తెరుచుకుంది.

ఆవిడ ఉత్తరం గట్టిగా చదివింది. "గౌరవనీయులైన షోర్ నికోలా బార్బిచ్ గారికి. మేం పెట్టే పాటల ఉత్సవానికి మీరు వచ్చి పాడాలి. మీ 'ఉప్పు మెట్లు' ఆల్బమ్ మా అందరి ప్రాణం. మొదటి వైపు నడిచే పంతొమ్మిది నిమిషాలూ మాకు ఊపిరాడదు. సముద్రం అడుగునుంచి వచ్చే ఆ మీ గొంతు..." అక్కడ ఆగింది. "నికోలా ఎవడు?"

"పాడినాయన," అన్నాడు లీవియో మెల్లగా. "అట్ట మీద ఎన్. బార్బిచ్ అని..."

"ఎన్ అంటే నీవెస్! నేను! మా ఇంట్లో మగప్రాణి అంటే పొట్టేలు ఒక్కటే, దాని పేరూ నికోలా కాదు!"

లీవియో నోట్లోని ఆలివ్ కాయని గింజతో సహా మింగేశాడు.

"మా మొదటి వైపు పద్నాలుగు నిమిషాలు," అంది నీవెస్. "పంతొమ్మిది ఎక్కణ్ణించి వచ్చింది? ఈ ముక్క చదివాక రెండు రాత్రులు ఆలోచించాను. మూడో రోజు బడిలో పిల్లలకి జావ కాస్తుంటే తట్టింది. ఈ ఉదయం దీవి నుంచి పడవెక్కి వచ్చాను."

మార్చెలో వాచీ వైపు కాదు, పైకప్పు వైపు చూశాడు. పెదాలు కదులుతున్నాయి, లెక్క కడుతున్నాడు. "దేవుడా," అన్నాడు. "ఒరే లీవియో. అది నలభై ఐదురా."

పెద్ద రికార్డు నిమిషానికి ముప్పై మూడుసార్లు తిరుగుతుంది, ఒక్కో వైపు ఒక్క పాటున్న చిన్నది నలభై ఐదుసార్లు. కానీ శబ్దం ఇంకా బాగుండాలని కొందరు పెద్దదాన్ని కూడా నలభై ఐదుకే చేయిస్తారు. అలాంటిదాన్ని ముప్పై మూడులో తిప్పితే పాట సాగుతుంది, గొంతు లావెక్కుతుంది. ఆడది మగాడవుతుంది. ఏ మామూలు మనిషైనా 'ఇదేదో తేడాగా ఉందే' అని వేగం మీట మార్చి చూసేవాడు. ఇరవై ఏళ్ల వయసునుంచీ దిగులు పాటలు విని విని పండిపోయిన ఈ మహానుభావులు మాత్రం తేడాని గొప్పతనం అనుకున్నారు.

లీవియో లేచి బీరువాలోంచి ఆ రికార్డు తీశాడు. మధ్యలో లేబుల్ మీద లావాటి సార్డీన్ చేప బొమ్మ, కన్నూ మొప్పా పొలుసుతో సహా. అంకె ఎక్కడా లేదు.

"చూడండి. మీరే రాయలేదు," అన్నాడు.

నీవెస్ తీసుకుని వెలుగుకి పెట్టి చూసింది, తిప్పి చూసింది. "ప్యేరో," అంది చివరికి. "మా డ్రమ్మరు. బొమ్మ నేనే గీస్తానన్నాడు. చేపకి తోక పెట్టడానికి అంకె చెరిపేశాడన్నమాట, గాడిద. ఇప్పుడు తేనెటీగలు పెంచుకుంటున్నాడు. వాడి సంగతి వెళ్లాక చూస్తా." వెంటనే గొంతు మళ్లీ లేచింది. "వాడిది ఒక పాలు. మిగతా మూడు పాళ్లు మీవి! మేము పడవెక్కి ఈ ఊరొచ్చి పాడింది ఒక్కసారి. ఎనభై తొమ్మిది ఆగస్టు. నావికుల హాలు పెరట్లో. మొదటి పాట ఎత్తుకున్నానో లేదో, మగాడేడీ అన్నారు. ముందు వరసలోంచి ఎవడో 'మెల్లగా! మెల్లగా!' అని అరిచాడు. మూడో పాటకి అందరూ అందుకున్నారు. నాకు పాట రాదని ఎగతాళి చేస్తున్నారనుకున్నా. ఆ రాత్రే గిటారు అటకెక్కింది."

లీవియో కూర్చున్నాడు. పసుపు గౌను వేసుకున్న బక్కపల్చటి పిల్ల కళ్ల ముందు నిలబడింది. నికోలాని తీసేసి ఈ పిల్లని పెట్టారని, పాటల్ని తరుముతోందని అప్పుడు తనకి ఒళ్లు మండింది. అప్పటికే ఆ రికార్డుని క్యాసెట్లలోకి ఎక్కించి ముప్పై ఒక్కమందికి పంచింది తనే. ముందు వరసలో కూర్చుందీ తనే.

"నాకు ఐదింటికి పడవ," అంది నీవెస్. "దాన్ని నలభై ఐదులో పెట్టండి. ఒక్కసారి వినండి. బాగాలేదంటే సరే, పోతాను, మళ్లీ పాడను, మీ ఉత్సవానికీ రాను. కానీ విని చెప్పండి. నా పాటని ఇంతవరకూ ఈ ఊళ్లో ఎవ్వరూ వినలేదు."

ఒండీనా రికార్డు ప్లేయరు వైపు చూసింది. మార్చెలో లీవియో వైపు చూశాడు. మీట మీద చెయ్యి వేసే హక్కు లీవియోది.

"వద్దు," అన్నాడు లీవియో.

"ఏం?"

అతను లేచి రికార్డు ప్లేయరుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆరేళ్ల కిందట భార్య యెల్కా పోయినప్పుడు, శ్మశానం నుంచి ఇంటికొచ్చి అతను క్యాసెట్లో పెట్టింది ఆ మూడో పాటే. 'ఆగు, వస్తున్నా, ఆగు, దిగి వస్తున్నా' అంటుంది పల్లవి. ఆ బరువైన గొంతు ఒక్కో మెట్టూ దిగి గోతిలోకి నడిచి వస్తున్నట్టుండేది. అప్పట్నుంచి రోజూ ఉదయం కాఫీతో అదే పాట. మీట తిప్పితే ఆ మనిషి పోతాడు. నికోలా పోతే ఆ ఇంట్లో ఇంకెవరు మిగులుతారు?

"ఒరే లీవియో," అంది ఒండీనా. ఆవిడ గొంతు అంత మెత్తగా రావడం మార్చెలో ఎప్పుడూ వినలేదు. "ఆవిడ అట్ట పట్టుకునే అడుగుతోందిరా. పద్ధతి పద్ధతే."

లీవియో మీట తిప్పాడు.

సూది పడింది. గిటారు పరుగెత్తుకుంటూ వచ్చింది. వెనకే డ్రమ్స్, డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు. ఆపైన గొంతు. సన్నటి, ఎండ తగిలిన, కాస్త గరుకు గొంతు, ఇరవై నాలుగేళ్ల పిల్లది. త్స్రెస్ దీవి యాసలో మాటలు మింగుతూ, నవ్వాపుకుంటూ పాడుతోంది. నీవెస్ గోడ వైపు తిరిగి నిలబడింది. వినేవాళ్ల మొహాలు చూసే ధైర్యం ఆవిడకి లేదు.

మూడో పాట వచ్చింది. ఆగు, వస్తున్నా, ఆగు, దిగి వస్తున్నా. అవే మాటలు. మెట్ల మీద చెప్పుల చప్పుడులా డ్రమ్స్. గోతిలోకి కాదు, రేవులోకి! ఒక పిల్ల మెట్లు దడదడా దిగుతూ, కదిలిపోతున్న పడవని ఆగమని అరుస్తోంది. అంతే. అంతకన్నా ఏమీ లేదు అందులో.

లీవియో మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

రెండు వైపులూ అయ్యాక అట్ట మార్చెలో చేతికి వెళ్లింది. "నేను ముప్పై ఐదేళ్లుగా ఈ డ్రమ్మర్ని నిద్రమొహం అని తిడుతున్నా," అన్నాడు. "వాడికి క్షమాపణ చెప్పాలి. తేనె కొంటాను వాడి దగ్గర." ఐదు గింజలు.

ఒండీనా అట్ట తీసుకుంది. "గొంతు పల్చన. రెండో పాట చివర శ్రుతి జారింది, జారిందని తెలిసీ అలాగే వదిలేశావు. రెండో వైపు ఆఖరి పాట ఉండక్కర్లేదు."

"ఉండక్కర్లేదు," అంది నీవెస్ గోడతోనే. "ప్యేరో రాశాడది."

"మిగతావి వింటుంటే నాకు ముప్పై ఐదేళ్లు తగ్గాయి. ఆ ముప్పై ఐదేళ్లూ దీన్ని మాకు దక్కకుండా చేసింది మేమే." నాలుగు గింజలు వేసి, కాసేపాగి ఐదోది కూడా వేసింది. "ఇది పాటలకి కాదు. అట్ట లాక్కున్నందుకు."

అట్ట లీవియో చేతికి వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పాలి. అదీ నియమం.

"ముందు వరసలో అరిచింది నేనే," అన్నాడు.

నీవెస్ ఇటు తిరిగింది.

"క్యాసెట్లు పంచిందీ నేనే. తప్పు నాది. ఇంకోటి కూడా ఉంది." నీళ్లు కలిపిన వైన్ ఒక గుక్క తాగాడు. "మా ఆవిడ యెల్కా. పోయి ఆరేళ్లయింది, అప్పట్నుంచి రోజూ ఉదయం ఇంట్లో నాకు ఆ నికోలాయే తోడు. ఈ సంఘంలోకి రమ్మంటే రాలేదు, ఆలుగడ్డలు చెక్కుకుంటూ వంటింట్లోంచే వినేది. 'పడవందుకోడానికి పరుగెత్తే మనిషి ఇంత మెల్లగా పాడతాడా, లీవియో?' అని అడిగింది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. సంగీతం గురించి నీకేం తెలుసు, చెక్కుకో అన్నాను. మాకెవరికీ వినపడనిది దానికి వినపడింది. నేను విననివ్వలేదు."

సాసరు వైపు చూశాడు. గుప్పిట్లో గింజలున్నాయి, వెయ్యలేదు. "మార్కులు వేసే అర్హత నాకు లేదు."

కోపం కోసం అందరూ ఎదురుచూశారు. నీవెస్ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. అంజూరపళ్ల సంచి విప్పి ఒకటి అతని చేతిలో పెట్టింది, బడిపిల్లాడికి పెట్టినట్టు.

"తిను. తిని ఆ మూడో పాటని నీ నికోలాతో పాడించు. ముప్పై మూడులో. నేనెప్పుడూ వినలేదు వాణ్ణి."

"ఎందుకండీ, మళ్లీ..."

"పెట్టవయ్యా!"

పెట్టాడు. ఆ బరువైన గొంతు గదిలోకి దిగింది. నీవెస్ కళ్లు మూసుకుని విన్నది. తన గొంతే, ఇప్పుడు తనున్న వయసుకన్నా ముసలిది. పాట అయ్యాక సూది తనే ఎత్తింది.

"నాకన్నా బాగా పాడాడు, వెధవ," అంది. ముక్కు తుడుచుకుంది. "మీ ఆవిడ దగ్గర కూర్చోబెట్టడానికి మంచివాడే. ఉంచుకో, ఉదయాలు వాడివి. కానీ ఊరు నాది. విను. ఆ క్యాసెట్లు తీసుకున్న ముప్పై ఒక్కమంది పేర్లున్నాయా?"

"ఉన్నాయి. నోటుబుక్కులో."

"పిలవండి అందర్నీ. ఉన్నవాళ్లని చెయ్యి పట్టి లాక్కురండి, పోయినవాళ్ల పిల్లల్ని లాక్కురండి. అదే నావికుల హాలు, అదే పెరడు. ముందు నేను పాడతా, నలభై ఐదులో, ప్యేరోని తేనెటీగల్లోంచి పీక్కొస్తా. తర్వాత కావాలంటే నికోలాని వినిపించండి. నా పాట మధ్యలో మెల్లగా అన్నవాణ్ణి నువ్వే బయటికి మోసెయ్యాలి, లీవియో, నీ చేతుల్తో. కరపత్రం మీద మీ ఆవిడ అడిగిన మాట పైన వెయ్యి, ఆవిడ పేరుతో సహా. అప్పుడెవరూ విన్లేదు, ఇప్పుడు ఊరంతా చదవాలి." ఉత్తరం తిరగేసి ఖాళీ వైపు అతని ముందు పరిచింది. "ఆ ఆకుపచ్చ కలం తియ్యి. నా పడవకింకా టైముంది. రాయి. ఇప్పుడే."