పదునొకండు సాయంకాలముల నిప్పు

జ్యేష్ఠమాసావసానమున సింహగిరి శిఖరములపై నీలమేఘశకలములు మందగతిని ప్రాకుచు పనసతోటల మీదుగా దిగివచ్చి గోపాలపట్నపు మిద్దెలను పెంకుటిండ్లను తొలకరి చినుకులతో తడుపుచుండగా గ్రీష్మతాపమున కమిలిన నేల నుండి లేచిన మట్టివాసన వీధులెల్ల నిండి పిన్నలను పెద్దలను వాకిళ్లలోనికి రప్పించిన యొకానొక యపరాహ్ణమున లోకనాథుని యింటి ముంగిట నొక లారీ యాగెను. అందుండి నలుగురు మనుష్యులు కష్టపడి దింపిన కొయ్యపెట్టెలో నగ్నికి వెఱవని యిటుకలును గుమ్మటముగా గూర్చుటకు వలయు నాఱు వంపుపలకలును పొగగొట్టమును గారపొడి సంచులును వానితోపాటు సన్నని సూచనల పుస్తకము నొకటియు నుండెను.

లోకనాథునికిని హేమనళినికిని పెండ్లియై యప్పటికి నలువది దినములు. పెండ్లియైన వారము తిరుగకమునుపే సముద్రతీరమున నొక చిన్న యంగడిలో కట్టెల నిప్పున కాల్చిన పిజ్జాను పంచుకొని తిన్నవేళ దాని యంచున నంటిన మసిమరక సైతము కమ్మగా దోచిన యా దంపతులు ఇట్టి పొయ్యి నొకదానిని మన పెరటిలో మన చేతులతోనే కట్టుకొందమని యచ్చటనే నిశ్చయించుకొనిరి. హేమనళిని యతని మేనమామ కూతురు. బాల్యము నుండియు బావ నోట వెడలిన మాటను మఱల తరచి చూచుట యామె యెఱుగదు.

రెండు దినములు పెరటిలో జామచెట్టు ప్రక్కన వారి శ్రమ సాగెను. అతడు పుస్తకమును బిగ్గరగా చదువుచుండ నామె మోచేతుల వఱకు గార పూసికొని కలుపుచుండెను.

“బావా, గార ఎలా ఉండాలన్నాడు?”

“గట్టి పెరుగులా ఉండాలన్నాడు. నువ్వు మజ్జిగ చేసేశావు.”

“మజ్జిగేం కాదు. నీకు పెరుగూ తెలీదు, గారా తెలీదు.”

ఆఱవ పలక కుదురుకొనినంతనే హేమనళిని పొయ్యినోట తల దూర్చి “బావా” యని పిలువగా గుమ్మటము తన కంఠమునే గంభీరముగా తిరిగి పలుకుట విని చప్పట్లు చఱచి నవ్వెను. అటువంటి యల్పసంతోషము లామెకు పండుగలు.

అయితే పొయ్యి కట్టినంతమాత్రమున వండుటకు యోగ్యము కాదు. అది పది దినము లారవలెను. అటుపిమ్మట పదునాల్గు దినములు వరుసగా తొలినాడు మూడు పుల్లలతో మొదలిడి దినదినమును కొంచెము కొంచెముగా మంటను హెచ్చించుచు లోపలి తేమను హరింపవలెను. త్వరపడి పెద్దమంట వేసినచో నిటుకలు పగులునని పుస్తకమున నెఱ్ఱని యక్షరములతో ముద్రింపబడియుండెను. ఇంతలో నాషాఢము వచ్చెను. క్రొత్తకోడలు అత్తగారితో నొక కప్పు క్రింద నుండరాని మాసమగుటచే హేమనళిని బొబ్బిలిలోని పుట్టింటికి పోవలసివచ్చెను.

“చిన్న మంటలు నువ్వే పెట్టు బావా. రోజూ సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పాలి. మొదటి పెద్దమంట మాత్రం నేనొచ్చాకే. ఇద్దరం కలిసి పెట్టాలి.”

“నీ మీదొట్టు.”

“నా మీదెందుకు? దాని మీద ఒట్టెయ్యి.”

అతడు నవ్వుచు గుమ్మటముపై నఱచేయి మోపి ప్రమాణము చేసెను.

అతడు మాట తప్పక ప్రతి సాయంకాలమును దీపములు వెలుగువేళ ఫోను చేయుచుండెను. “ఇవాళ తొమ్మిది పుల్లలు హేమా. పైన చెయ్యి పెడితే జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులా ఉంది” యని యొకనాడును “పొగ జామచెట్టులోంచి వెళ్తుంటే పిట్టలన్నీ దగ్గాయి” యని మఱియొకనాడును జెప్పుచుండ నామె యా మాటలను తల్లికి చెప్పి తమ్మునికి చెప్పి తృప్తి చాలక గోడనున్న క్యాలెండరులో నానాటి గడియం దొక చిన్న జ్వాలను ఎఱ్ఱసిరాతో గీచుచుండెను. పదునాలుగవ జ్వాలను గీచిననాడు హేమనళిని తన యఱచేతిని చెక్కిలి కానించుకొని చాలసేపు కూర్చుండెను.

శ్రావణ శుద్ధ విదియనా డామె తిరిగివచ్చెను. లోకనాథుడు కచేరి నుండి యింకను రాలేదు. కాళ్లు కడుగుకొనుటయే తడవుగా పెరటికి పరుగిడిన హేమనళిని గుమ్మటము నోటి నుండి శిఖరము వఱకు వంకరగా పూయబడిన క్రొత్తగారను చూచి నిలిచిపోయెను. అంతలో ప్రహరిగోడ కావలి నుండి పొరుగింటి పైడితల్లి తల యెత్తెను.

“ఓలమ్మ, వచ్చీసినావా కోడలుపిల్లా! మీ పొయ్యి పేలిన్నాడు నా గుండాగిపోయింది గదే. మీ అత్త పాలు పొంగించినాది గదా, ఠప్పుమని బాంబే!”

“ఎప్పుడు పిన్నీ?”

“మీ ఆయన మంటెట్టిన మూడోనాడు. ఆ తరవాత అందులో అగ్గెక్కడిది? వారం తిరక్కుండా మా పిల్లి అందులోనే ఈనింది. సూడు, నాలుగు పిల్లలు.”

హేమనళిని వంగి చూచెను. చల్లని యిటుకలపై నొక పాతగోనె. దానిపై నాలుగు పిల్లికూనలు ఒండొంటిపై బడి నిద్రించుచుండెను.

అత్తగారైన వరహాలమ్మ దేనిని దాచలేదు. దాచవలసినది కలదని యామె యెఱుగదు.

“కొత్తపొయ్యి గదే, పాలు పొంగకుండా రొట్టెలు కాల్చుకుంటారేటని నేనే అన్నాను. మూడు పుల్లల మంటకి పాలేటి కాగుతాయి? సరుగుడు కట్టెలు ఇంతేసి తోసీసాను. పొంగి ఇటుకల మీద పడ్డాయి, పేలిపోయింది. నీకు చెప్పీసానన్నాడే వాడు! హేమ పకపకా నవ్వేసిందమ్మా అన్నాడు.”

“నేను నవ్వలేదత్తా.”

వరహాలమ్మ కోడలి ముఖమును చూచి లోనికి పోయెను. అత్తగారు తన యాచారమును పాటించెను. తడియారని యిటుకలు తమ ధర్మమును పాటించెను. వీనిపై హేమనళినికి కోపము లేదు. ఆమె మనస్సు నాల్గవనాటి ఫోను మొదలుకొని పదునాల్గవనాటి ఫోను వఱకు నొక్కొక్క సాయంకాలమును చేతబట్టుకొని ప్రతిదానిని త్రిప్పి చూచుచుండెను. అవి పదునొకండు.

సంధ్యవేళ లోకనాథుడు మల్లెపూల పొట్లముతో నింటికి వచ్చెను. ఆమె పొట్లము నందుకొని శాంతస్వరముతో నడిగెను.

“పదకొండో రోజు ఎన్ని పుల్లలు పెట్టావు బావా?”

“ఇరవై రెండు,” అని యతడు తడుముకొనకుండ నవ్వుచు చెప్పెను.

ఆ నవ్వు పూర్వపు నవ్వే. బాల్యమునం దామె యెఱిగిన నవ్వే. దానిలో నిజమునకొక విధమును అబద్ధమునకొక విధమును లేకుండుట యామె యప్పుడే చూచెను. చేయి పట్టుకొని యతనిని పెరటికి తోడ్కొనిపోయి గుమ్మటము నోట సెల్లుఫోను వెలుతురు ప్రసరింపజేయగా నెనిమిది పసికన్నులు పచ్చగా మెఱసెను.

లోకనాథుడు తల వంచెను. “నువ్వంత సంబరపడుతుంటే నోరు రాలేదు హేమా. కొత్త ఇటుకలు తెప్పించి నువ్వొచ్చేలోగా కట్టేద్దామనుకున్నా.”

“పగిలిందని చెప్తే ఏడ్చేదాన్ని. ఒక్క పూట. అంతేగా?” అని యామె యనెను. అంతట మఱల నడిగెను. “జ్వరమొచ్చిన పిల్లాడి నుదురన్నావే, దేని మీద చెయ్యి పెట్టి చెప్పావు బావా?”

అతడు వంగి పిల్లికూనల క్రింది గోనెను సరిచేసెను.

పిల్లికూనలు పెరిగి పైడితల్లి యింటికి చేరినవి. క్రొత్త యిటుకలు వచ్చినవి. ఈతడవ పదునాల్గు దినములును ఇరువురును కలిసియే పుల్లలు పేర్చి పదునేనవనాడు పెద్దమంట వేసిరి. కాల్చిన పిజ్జా యంచున మసి యంటి మిక్కిలి రుచిగా నుండెనని వరహాలమ్మయు నొప్పుకొనెను. లోకనాథుడు తన తప్పు పొగగొట్టము వెంట పోయెనని తలచి సుఖముగా నిద్రించెను.

పెండ్లియైన క్రొత్తలో నతడు కచేరి నుండి బయలుదేరితినని ఫోను చేసినంతనే హేమనళిని స్టవ్వుపై టీనీళ్లు పెట్టెడిది. అతడు గుమ్మమున చెప్పులు విడుచునప్పటికి టీ సిద్ధముగా నుండెడిది. ఇప్పుడును అతడు ఫోను చేయును. ఆమెయు “సరే బావా” యనును. కాని వీధిగేటు కడ స్కూటరు ఆగిన చప్పుడు చెవినబడు వఱకు నామె గిన్నెను తాకదు.

“ఈమధ్య టీ ఆలస్యమవుతోంది హేమా, స్టవ్ మంట తగ్గిందా?” యని యతడొకనాడు కుర్చీలో వెనుకకు వాలి యడిగెను.

“అవును బావా, తగ్గింది,” అని హేమనళిని మంటను కొంచెము పెద్దది చేసెను. ఆమె యతనితో నాడిన మొదటి యబద్ధ మదియే. అది యెంత సులభముగా నోటికి వచ్చెనో చూచి యామె కాగుచున్న నీటి యెదుట చాలసేపు కదలక నిలుచుండెను.