నారాయణమ్మ వగైరా

కళింగపట్నం ఇసకలో కంచె వేసిన రోజున జాలరి పేట పేటంతా విరుచుకుపడింది. తాతల నాటి నుంచి చేపలు ఎండబెట్టుకునే చోటును రిసార్టుకని కాంట్రాక్టరు తిరుమలరావు చుట్టేశాడు మరి! పేటవాళ్ళు ఆ కంచె రాటలన్నీ పీకి సముద్రంలో పడేశారు. అవి తేలుకుంటూ పోయి సింగపూరులో ఒడ్డెక్కాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

తరవాత తిరుమలరావు దావా వేస్తే, కోర్టు అమీనా సమను కాగితం పట్టుకొచ్చాడు. అప్పుడు చూడాలి ఆ పరుగు! అది ముట్టుకుంటే జైలేనని ఎవరో అన్నారు. తలుపులన్నీ మూసుకున్నాయి. ఆరేసిన చేపలు కూడా కళ్ళు మూసుకున్నాయి. మోకాళ్ళ నొప్పులతో పరుగెత్తలేని నారాయణమ్మ ఒక్కతే దొరికింది. వేలిముద్ర వేసింది. రాటలు పీకిన చేతులు ఎన్నో, కాగితం పట్టుకున్న చేయి ఒక్కటే.

ఆ రోజు నుంచి ఆమె గడప ఎవరూ తొక్కలేదు. మొగుడు పోయిన ఏడాది కూడా ఇల్లు ఇంత బోసిగా లేదు. ఒక్కటే ధైర్యం. అమీనా చదివినప్పుడు ఆమె పేరు పక్కన ఇంకో పేరు వినబడింది: "నారాయణమ్మ వగైరా."

ఆ వగైరా ఎవరో పాపం, తనలాగే దొరికిపోయాడనుకుంది. వాయిదా రోజున అతనికీ కలిపి అన్నం మూట కట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కింది. కోర్టు వరండా బల్ల మీద పక్కన చోటు ఉంచింది. వచ్చిన ప్రతి మగాణ్ణీ అడిగింది.

"బాబూ, వగైరావి నువ్వేనేటి?"

"నారాయణమ్మ వగైరా!" అని బంట్రోతు కేకేశాడు.

"నానొచ్చాను బాబూ. ఆడింకా రానేదు."

హాలంతా నవ్వింది. బీదల తరఫున ఉచితంగా వాదించే వకీలు లీలారాణి మాత్రం నవ్వలేదు. జవాబుకి గడువు అడిగి, ఆమెను పక్కకు తీసుకెళ్ళింది.

"వగైరా అంటే ఒక మనిషి కాదమ్మా. మీ పేటలో మిగతావాళ్ళంతా. సమను జైలూ కాదు. వచ్చి మీ మాట చెప్పమని పిలుపు. రాకపోతే అవతలివాళ్ళ మాటే విని తీర్పు రాసేస్తారు."

పడవలు ఒడ్డెక్కే వేళకి నారాయణమ్మ ఇసకలో నిలబడి అరిచింది.

"ఒరే గంగరాజా! వగైరా దొరికేడ్రా!"

"ఎవుడప్పా?" అన్నాడు గంగరాజు, పడవ చాటు నుంచే.

"నువ్వేరా! నీ పెళ్ళాం, ఈ పడవలోళ్ళు, అందరూనూ! రాటలు పీకినప్పుడు ఉన్నారు. కాగితమొస్తే నానొక్కర్తినే అయిపోనాను."

"ముడితే లోపలేత్తారంట కదప్పా?"

"ముట్టింది నాను. లోపలున్నానేట్రా? మనం ఎల్లకపోతే ఆడి మాటే నెగ్గుతాది. ఇసక పోతాది."

గంగరాజు తల దించుకున్నాడు. అతని పెళ్ళాం రేఖ చేపల గంప దించింది.

"నానొత్తాను వదినా. వాయిదా ఎప్పుడు?"

ఆ వాయిదాకి ఒక్క పడవా నీళ్ళలోకి దిగలేదు. సముద్రంలో చేపలు ఆ రోజు సెలవు చేసుకున్నాయట. కోర్టు వరండా నిండి జనం రోడ్డు మీదికి పారారు. తిరుమలరావు చెమటలు తుడుచుకుంటూ నారాయణమ్మ పక్కన చేరాడు.

"ముసిలమ్మా, నీకేల ఈ తిప్పలు? నీ పేరు కొట్టించేత్తాను. ఇంటికాడ కూకో."

ఆ బోసి ఇల్లు ఆమె కళ్ళ ముందు మెదిలింది.

"కొట్టించీ బాబూ," అంది. "వగైరాలో ఉంటాను."

బంట్రోతు గుమ్మంలోకి వచ్చి పిలిచాడు. పేటంతా లేచింది.