ఉతకని శాలువా

లాండ్రీ తలుపు తెరవగానే అమ్మ చేసే మొదటి పని బట్టలు వేరుచెయ్యడం. తెల్లవి ఒక బుట్టలో, రంగువి ఇంకో బుట్టలో, పాట అంటుకున్నవి మూడో బుట్టలో. పక్కవీధి హాల్లో పొద్దుటి డాన్సుకి వెళ్ళొచ్చినవాళ్ళ బట్టలకి పాట అంటుకోవడం అక్కడ మామూలే. పొగ వాసన పట్టినట్టు పట్టేస్తుంది. నర్సు కోటు రోజంతా సన్నగా దరువేస్తూనే ఉంటుంది, రోగులు అలవాటుపడిపోయారు. బస్సు డ్రైవరు మాత్రం, "దీన్ని వదిలించండమ్మా, బ్రేకు మీద కాలు ఊరుకోవట్లేదు," అని గోల పెడతాడు. అమ్మ చల్లటి నీళ్ళలో జాడించి ఆరేస్తుంది.

ఆ పాటలు వేసే డీజే అమ్మ కూతురే. పొద్దున్నే జనం వచ్చి, మంచినీళ్ళు తాగి, ఒళ్ళు తడిసేలా ఆడి, తల దువ్వుకుని ఉద్యోగాలకి పోతారు. ఒకప్పుడు ఆమె అదే హాల్లో రాత్రుళ్ళు వాయించేది. వాయిస్తున్నంతసేపూ చేతికి మందు గ్లాసు వచ్చేది, అది ఖాళీ అయ్యేలోగా ఇంకొకటి. ఆ రోజుల్లో ఆమె పాట ఎవరి బట్టకీ అంటలేదు. ఒకసారి పాటలు వేసే మిషను మీదే తల వాల్చి పడిపోతే, అమ్మ వెళ్ళి భుజాన వేసుకుని తీసుకొచ్చింది. అప్పట్నుంచి కూతురు గ్లాసు ముట్టలేదు, అమ్మ ఆ హాలు గడప తొక్కలేదు. కూతురు అలాగే అనుకుంది.

ఆ రోజు ఆట అయ్యాక హాలు ఓనరు ఆమెని పక్కకి పిలిచాడు. చెడ్డవాడేం కాదు, గిట్టుబాటు చూసుకునే మనిషి.

"పొద్దుటి ఆట ఆపేద్దామమ్మా. నీళ్ళు తాగేవాళ్ళతో కరెంటు ఖర్చు కూడా రావట్లేదు. శనివారం రాత్రులు నీకిస్తా. పెద్ద జనం, పెద్ద పేరు. కాకపోతే చేతిలో గ్లాసు ఉండాలి. వాయించే మనిషి తాగకపోతే జనం తాగరు."

"ఊరికే పట్టుకుంటే చాలదా?"

"మొదట్లో అలాగే పట్టుకోలే," అన్నాడాయన జాలిగా.

ఆ 'మొదట్లో' తర్వాత ఏమొస్తుందో ఆమెకి బాగా తెలుసు. కానీ ఆమెకి ఇంకో విద్య రాదు, వచ్చినా మనసొప్పదు. సాయంత్రం చెబుతానని లాండ్రీకి వచ్చింది, తన నల్లకోటు కోసం. అది ఒకప్పుడు రాత్రుళ్ళు వాయించేటప్పుడు వేసుకున్న కోటు. అంటే సగం ఒప్పేసుకున్నట్టే.

అమ్మ ఇస్త్రీ చేస్తోంది. కూతురు పై అరలో వెతుకుతుంటే మడతల వెనకనుంచి ఒక దరువు వినిపించింది. రెండు పాటలు కలిసేచోట అది తడబడి, మళ్ళీ సర్దుకుని నడిచింది. ఆ తడబాటు ఆమెదే. తాగకుండా వాయించిన మొట్టమొదటి పొద్దున, చేతులు వణికి చేసిన తప్పు.

లాగితే, అమ్మ ఊలు శాలువా.

"అమ్మా, ఆ రోజు నువ్వొచ్చావా?"

ఇస్త్రీపెట్టె ఆగింది. "తలుపు దగ్గరే నిలబడ్డాను. నన్ను చూస్తే నువ్వు కంగారుపడతావని."

"ఊళ్ళోవాళ్ళ బట్టలన్నీ ఉతుకుతావు, దీన్ని ఉతకలేదే?"

"ఉతికితే పోతుందిగా." అమ్మ మళ్ళీ ఇస్త్రీలో పడింది. "నువ్వు ఆలస్యంగా వస్తే నాకిప్పటికీ గుండె దడే. అప్పుడు దాన్ని కప్పుకుంటా. తడబడినా సర్దుకుంటావని ధైర్యంగా ఉంటుంది."

కూతురికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఓనరు మాటంతా చెప్పేసింది. అమ్మ చివరిదాకా విని ముక్కు చీదుకుంది.

"పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు. నీవాళ్ళు ఎలాగూ తాగేది నీళ్ళేగా. ఆ బల్ల అటు పట్టుకో."

"ఎందుకే?"

"పొద్దున్నే ఈ గది ఖాళీయే. చెమటబట్టలు ఎలాగూ ఇక్కడికే వస్తాయి, మనుషుల్ని కూడా రమ్మను."

కూతురు అక్కణ్ణుంచే ఓనరుకి ఫోన్ చేసి రానని చెప్పింది, పొద్దుటి ఆటవాళ్ళకి లాండ్రీకి రమ్మని కబురంపింది. నల్లకోటు అరలోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున ఇస్త్రీబల్లలు గోడకి జరిగాయి. నర్సు ఆడింది, డ్రైవరు ఆడాడు, సబ్బుడబ్బా పక్కన నిలబడి అమ్మ కూడా ఆడింది. ఆట అయ్యాక అందరూ తడిసిన చొక్కాలు బుట్టల్లో పడేసి, ఉతికినవి తొడుక్కుని పనులకి పోయారు. బుట్టలు నిండి పొర్లాయి.

అమ్మ పై అరలోంచి శాలువా తీసి మూడో బుట్టలో వేసింది.

"ఉతికేస్తావా?" కూతురి గొంతు చిన్నదైంది.

"ఆఁ, దుమ్ము పట్టిపోయింది. వినాలనిపిస్తే నువ్వే ఇక్కడ ఉంటావుగా."