ఏడో అతుకు

శుక్రవారం మధ్యాహ్నం వర్క్‌షాపు షట్టరు ఎత్తగానే బ్లెస్సీ నేరుగా రోబో ఫ్రేము దగ్గరికి వెళ్లి ఏడో జాయింటు చూసుకుంది. పోయిన వారం దాని చివర ఒక పగులు మిగిలిపోయింది. వెంట్రుకంత సన్నగా, మూడు పాయలుగా. వెల్డింగ్ ముగించేటప్పుడు తను కరెంటును అదుపు చేసే పెడల్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేసింది. అల్యూమినియం చల్లారుతూ అక్కడే చిట్లింది. ఇవాళ దాన్ని అరగదీసి మళ్లీ వేద్దామనుకుంది.

పగులు లేదు.

అది ఉండాల్సిన చోట చేప పొలుసుల్లాంటి మెరిసే వరస ఉంది. పక్కన తను మార్కరుతో రాసుకున్న ‘7’ అంకెను ఎవరో తుడిచేశారు.

“బావుందే! ఎప్పుడు చేశావు?” అంది కళ వెనకనుంచి తొంగి చూస్తూ.

“నేను చెయ్యలేదు.”

ఇద్దరూ అరబ్బు నగరం మనామాలో ఒకే స్కూలు, పన్నెండో తరగతి. రోబో పోటీ జట్టులో ఫ్రేము వాళ్లిద్దరి పని. మోటార్లూ వైర్లూ మిగతా పిల్లలు చూసుకుంటారు. పోయినేడు బోల్టులతో బిగించిన ఫ్రేము మూడో ఆటకే వదులై, రోబో కుంటుకుంటూ బయటికొచ్చింది. అందుకని ఈసారి అన్నీ వెల్డింగ్ అతుకులే ఉండాలని బ్లెస్సీ పట్టుబట్టింది. పోటీ వాళ్ల నిబంధన ఒక్కటే: పెద్దవాళ్లు నేర్పొచ్చు, చెయ్యి మాత్రం పెట్టకూడదు. ఫ్రేము మొత్తం మేమే చేశామని కెప్టెన్ సంతకం పెట్టాలి. కెప్టెన్ బ్లెస్సీయే.

సల్మాబాద్‌లోని ఆ వర్క్‌షాపులో బ్లెస్సీ నాన్న ఎడ్వర్డ్ సూపర్‌వైజరు. అమలాపురం వైపు మనిషి. కఫీల్‌ను, అంటే యజమానిని, అడిగి సెలవు రోజైన శుక్రవారాలు దాన్ని పిల్లలకు ఇప్పించాడు. పొద్దున తెలుగు ఫెలోషిప్ ప్రార్థన అవగానే ఇద్దరినీ కారులో తెచ్చి దింపుతాడు. నేర్పేది గంగన్న. నిర్మల్ దగ్గరి పల్లెవాడు. ఆ వర్క్‌షాపులో అల్యూమినియం వెల్డింగులో అతణ్ణి మించినవాడు లేడు. సెలవు రోజున నయీమ్‌లోని గది నుంచి బస్సెక్కి వస్తాడు.

గంగన్న చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు.

“బాబాయ్, ఈ ఏడో జాయింటు మీరు వేశారా?”

గంగన్న వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని మళ్లీ చూశాడు.

“నేను ముట్టలే బిడ్డా.”

“మరెవరు?”

“నేనైతే ముట్టలే” అన్నాడు మళ్లీ. కళ్లద్దాలు మడిచి జేబులో పెట్టుకుని, ఆర్గాన్ గ్యాసు సిలిండరు వైపు వెళ్లిపోయాడు.

ఆ వెళ్లిపోవడం బ్లెస్సీకి నచ్చలేదు. చెయ్యనివాడికి అంతసేపు చూడటం దేనికి? చూశాక మాట తప్పించడం దేనికి?

ఆ రోజు పని సాగలేదు. గంగన్న ఏది చెప్పినా ఆమెకు వేరే అర్థం తోచింది. “ముందు ఎదురెదురు మూలలకు టాకాలెయ్యాలె, లేకుంటే ఫ్రేము మెలి తిరుగుతది” అని అతనంటే, తాము లేనప్పుడు ఆ మెలి కూడా ఇతనే సరిచేస్తున్నాడేమో అనుకుంది. టేపుతో మూల నుంచి మూలకు కొలిచింది. రెండు కొలతలూ సరిపోయాయి. సరిపోయినందుకూ అనుమానమే వచ్చింది.

మహూజ్‌లోని తమ ఫ్లాట్‌కు వెళ్లాక ఫోన్లో జాయింట్ల ఫొటోలన్నీ ముందేసుకుంది. పన్నెండు జాయింట్లలో పదకొండు తనవో, కళవో. తడబాటు ఎక్కడుందో ఆమెకు గుర్తే. ఏడోది ఒక్కటే వేరే.

భోజనాల దగ్గర నాన్నతో చెప్పింది.

ఎడ్వర్డ్ తలెత్తలేదు. “గంగన్నే చేసుంటాడమ్మా, మీమీద ప్రేమకొద్దీ. పోనీలే, ఒక్క జాయింటేగా. ఎవరు చూడొచ్చారు?”

“నేను సంతకం పెట్టాలి నాన్నా.”

“పెట్టు. దానికేం?”

వారమంతా ఆమెకు అదే ధ్యాస. సెలవు రోజు మానుకుని ఊరివాళ్లు కూడా కాని పిల్లలకు పని నేర్పడానికి గంగన్నకు ఏం అవసరం? నాన్న అతని సూపర్‌వైజరు. డ్యూటీలు వేసేది నాన్న. కూతురి రోబో గెలిస్తే సార్ సంతోషిస్తాడని లెక్క వేసుకున్నాడా? అలా అనుకున్నందుకు సిగ్గేసింది. అయినా అనుకోవడం మానలేకపోయింది.

“పరీక్ష పెడదాం” అంది కళతో. “ఆయన చేత ఒక ముక్క వేయిద్దాం. పోల్చి చూస్తే తెలిసిపోతుంది.”

తరువాతి శుక్రవారం రెండు స్క్రాప్ ముక్కలు తీసుకుని గంగన్న ముందు పెట్టింది. “బాబాయ్, చివర పగలకుండా ఎలా ముగించాలో ఒకసారి వేసి చూపిస్తారా?”

గంగన్న ముక్కల్ని చూశాడు, ఆమెను చూశాడు.

“నేర్సుకోనికి అడుగుతున్నవా, నన్ను పట్టుకోనికి అడుగుతున్నవా?”

బ్లెస్సీ ముక్కల్ని అటూ ఇటూ జరిపింది. కళ నేల చూపులు చూసింది.

“సరే, ఏస్త. సూడు.”

ముక్కలను స్టీలు బ్రష్‌తో రుద్దాడు. అసిటోన్ గుడ్డతో తుడిచాడు. హెల్మెట్ దించుకున్నాడు. కుడిచేతిలో వెల్డింగ్ టార్చి, ఎడమచేతిలో కరిగించి నింపే ఫిల్లరు కడ్డీ. కుడి నుంచి ఎడమకు కదులుతూ పోయాడు. చివరికొచ్చాక కాలు నెమ్మదిగా ఎత్తుతూ, ఇంకో చుక్క ఫిల్లరు అందించి, గుంట నిండాక ఆపాడు. ముక్కను పటకారుతో నీళ్లలో ముంచి ఆమె చేతికిచ్చాడు. హెల్మెట్ తియ్యకుండానే తలుపు దాకా వెళ్లి నిలబడ్డాడు.

బ్లెస్సీ ఆ ముక్కను ఏడో జాయింటు పక్కన పెట్టింది. గంగన్న పొలుసులు దగ్గరదగ్గరగా, సమంగా ఉన్నాయి. జాయింటు మీదివి కాస్త ఎడంగా ఉన్నాయి. అంతే కాదు. గంగన్న వరస ఎడమవైపు ముగిసింది. తనదీ కళదీ అంతే. ఏడో దాని వరస మాత్రం కుడివైపు ముగిసింది. ఎవరో ఎడమ నుంచి కుడికి వేసుకుంటూ పోయారు. అలా వెయ్యాలంటే టార్చి ఎడమచేతిలో ఉండాలి.

ఆమె ముక్కను బల్ల మీద పెట్టేసింది. గేటు దగ్గర రిజిస్టరులో ఎడమచేత్తో సంతకం పెట్టే మనిషి ఒక్కడే. సూపర్‌వైజరు కాకముందు పదకొండేళ్లు ఓడల రిపేరు యార్డులో వెల్డింగ్ చేసిన మనిషి.

“బాబాయ్, మీకు ముందే తెలుసు కదా?”

“నాకేం ఎరుక లేదు” అన్నాడు గంగన్న తలుపు దగ్గర్నుంచే.

సాయంత్రం తీసుకెళ్లడానికి ఎడ్వర్డ్ వచ్చాడు. బ్లెస్సీ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

“నాన్నా, ఇది నువ్వు వేశావు.”

ఎడ్వర్డ్ నవ్వబోయాడు. గంగన్న వైపు చూశాడు. గంగన్న గోడకున్న పైపులను చూస్తున్నాడు.

“పోయిన వారం మంగళవారం మీ ఫ్రేము వైపు వచ్చినప్పుడు పగులు కనబడిందమ్మా” అన్నాడు చివరికి. “టార్చి పట్టుకుని ఆరేళ్లయింది. చెయ్యి ఊరుకోలేదు. రెండు నిమిషాల పని అనుకున్నాను.”

“అది కాదు నాన్నా. గంగన్న బాబాయ్ చేసుంటాడని ఎందుకన్నావు?”

ఎడ్వర్డ్ కారు తాళాలు జేబులో వేసుకున్నాడు. షట్టరు బయట లారీ ఒకటి వెనక్కి వస్తూ పీ పీ మంటోంది. కాసేపటికి అది ఆగింది.

“తప్పయింది గంగన్నా” అన్నాడు ఎడ్వర్డ్.

“నన్ననుడు ఏముంది సార్. మీరు పెద్దోళ్లు” అన్నాడు గంగన్న. ఆ మాటలో కోపం లేదు, చనువూ లేదు. “బిడ్డ నన్ను దొంగను సూసినట్టు సూస్తున్నది పోయిన శుక్రవారం సంది. గదే జర కష్టమనిపించింది.”

బ్లెస్సీ ఏడ్చేసింది. క్షమించమని అడిగింది. గంగన్న తల ఊపాడే గాని దగ్గరికి రాలేదు.

జాయింటు కోసేద్దామంది బ్లెస్సీ. కళ ఒప్పుకోలేదు. “వచ్చే శనివారమే పోటీ! పాడైపోతే?” చాలాసేపు వాదించుకున్నారు. సంతకం పెట్టేది కళ అయితే ఉంచుకుందామని బ్లెస్సీ అన్నాక కళ వెళ్లి గ్రైండరు తెచ్చింది.

ఆ పని సోమ, మంగళవారాల్లో బడి అయ్యాక చేశారు. గంగన్నకు బయట సైటులో డ్యూటీ ఉంది. డ్యూటీ వల్లే రాలేదో, రావడం ఇష్టంలేక రాలేదో బ్లెస్సీకి తెలియలేదు. మొదటిసారి ఫ్రేము ట్యూబుకు చిల్లి పడింది. చిన్న ముక్క కోసి అతికారు. రెండోసారి నల్లగా మసి కమ్మింది. మూడోసారి నిలబడింది, ముద్దముద్దగా.

పోటీ సీఫ్‌లోని ఒక హాల్లో జరిగింది. తనిఖీ చేసే ఆవిడ ఫ్రేము చుట్టూ తిరిగి, ఆ ముద్ద దగ్గర ఆగి, ఎవరు వేశారని అడిగింది. ఎన్నిసార్లు వేశారో కూడా బ్లెస్సీ చెప్పింది. మొదట నాన్న వేశాడనీ, కోసేశామనీ చెప్పింది. ఆవిడ ఇద్దరినీ విడివిడిగా పిలిచి పావుగంట ప్రశ్నలడిగింది. ఆఖరికి కాగితం ముందుకు జరిపింది. బ్లెస్సీ సంతకం పెట్టింది.

ఫ్రేము ఏడు ఆటల్లోనూ చెక్కుచెదరలేదు. సెమీఫైనల్లో మోటారు వైరు ఊడిపోయి ఓడిపోయారు. నాలుగో స్థానం.

హాల్లోంచి బయటికొస్తుంటే మెట్ల దగ్గర గంగన్న కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎక్కడ కూర్చున్నాడో ఎవరికీ తెలియదు.

“వైరు గట్టిగ కట్టకపోతిరి” అన్నాడు బ్లెస్సీతో.

ఎడ్వర్డ్ కారు తెచ్చి ఆపితే బ్లెస్సీ వెనక ఎక్కింది. “రా గంగన్నా, నయీమ్‌లో దింపుతాను. ముందు కూర్చో.”

గంగన్న ఒక్క క్షణం ఆలోచించాడు. వెనక డోరు తీసుకుని బ్లెస్సీ పక్కన కూర్చున్నాడు.

“గీడనే మంచిగున్నది సార్.”

ఎడ్వర్డ్ గేరు మార్చాడు.

“మొదటి ఆట నేను సూడలే, లేటయింది” అన్నాడు గంగన్న. బ్లెస్సీ ఫోన్ తీసి వీడియో పెట్టింది. నయీమ్ వచ్చేదాకా ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చూస్తూనే ఉన్నారు.