పాటగది గోడ మీద బావ నీడ

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు గాయకుడు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గోరువెచ్చని నీళ్లు ఒక గుక్క తాగి, వెనక గోడ వైపు చూశాడు. రెండు నీడలున్నాయి. ఒకటి తనది. రెండోది గిటారు మెడలో వేసుకుని ఎడమకాలు ఊపుతోంది.

"మా బావ మళ్లీ తన నీడని పంపించాడు."

అద్దం అవతల సౌండ్ ఇంజినీరు తల ఎత్తలేదు. "ఆయన తొమ్మిదిన్నరకే వచ్చారు సార్. మీరే ఆలస్యం."

అరవై దాటాక మొదటిసారి తన పేరొక్కటే ఉండే ఆల్బమ్ చేస్తున్నాడు గాయకుడు. అభిమానులు ఆయన్ని ఉరుము అంటారు. హార్డ్ రాక్ బృందంలో ఇన్నేళ్లూ గొంతు చించుకున్నది తను. ప్రతి పాట కిందా పేరు మాత్రం గిటారిస్టుది, అంటే అక్క మొగుడిది. ఇప్పటి పాటలు తన సొంతం. ఒక్క వరుస బావ చెవిన పడితే చాలు, తెల్లారేసరికి అది బావ పాటైపోతుంది. అందుకే పాట కాగితాన్ని అరచేత్తో కప్పుకుని పాడుతున్నాడు.

నీడ మెడ సాచింది.

"చూశావా, తొంగి చూస్తోంది!"

"తాళం వేస్తున్నారు సార్. నిన్న రెండో చరణంలో మీరు తాళం దాటి పరుగెత్తితే ఆ కాలే ఆపింది."

"నువ్వూ బావ మనిషివేనా అమ్మాయ్?"

"నేను వేళకి భోంచేయాల్సిన మనిషిని. పాడండి."

పాడాడు. పై స్థాయికి వెళ్లేసరికి సీలింగుకు బిగించిన పాత స్పీకరు పెట్టె గడగడలాడింది. అంతలో నీడ గోడ దిగి, నేల మీదుగా మైకు దగ్గరికి ఒక్క ఉరుకు ఉరికింది.

"దొంగ!" కాగితాన్ని గుండెకు హత్తుకుని వెనక్కి గెంతాడు గాయకుడు. పెట్టె ఊడి, అంతవరకు ఆయన నిలబడ్డ చోట, నీడ కుడి భుజం మీద పడింది.

ఇంజినీరు తలుపు తోసుకొచ్చింది. దుమ్ము తగ్గాక చూస్తే గాయకుడి నీడ ఒక్కటే మిగిలింది.

"పారిపోయింది. ఆ బోల్టులు ఎవరు వదులు చేశారో కనుక్కో. నాకు తెలుసనుకో."

మిగతా పాటలు నీడ లేకుండానే పూర్తయ్యాయి. పరుగెత్తినప్పుడల్లా ఆపే కాలు లేక, ఒక్కోటి పదిసార్లు పాడాల్సి వచ్చింది.

పెట్టె పడిన వారం తర్వాత అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావకి కుడి భుజం విరిగిందిరా. పోయిన వారం పొద్దున, రోజులాగే పేపరు అడ్డం పెట్టుకుని, కాలు ఊపుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. అంతే! ఏం బరువు పడిందని డాక్టరు గుచ్చి గుచ్చి అడిగినా నోరు విప్పడే. ఇక గిటారు పట్టలేడట. అన్నట్టు, నీ రెండో చరణం నిదానంగానే వచ్చిందా అని అడగమన్నాడు."