ముసలి పైన్

పోయేముందు నాన్న చెప్పిన హద్దు ఒక్కటే: "ముసలి పైన్ దగ్గర సగం. ఇవతల అక్కది, అవతల తమ్ముడిది."

పిలిగా అడవంచున పైన్ చెట్లకు లోటేముంది, లోటంతా నీళ్లకే. నీటిగుంటకు ఈ గట్టున ఒంటరిగా ఒక లావు పైన్, ఆ గట్టున ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ బక్క పైన్ల గుంపు. లావుది హద్దయితే గుంట తమ్ముడు హాడన్‌ది. బక్కది హద్దయితే అక్క డల్సీది. ఈ కరువులో గుంట ఎవరిదైతే వాళ్ల గొర్రెలే బతుకుతాయి.

"ముసలిదంటే లావుదే అక్కా."

"లావైతే ముసలా? ఆ లెక్కన నీ పొట్ట నాన్నకంటే ముందు పుట్టిందిరా. గుంపులో ఇరుక్కున్న పైన్ ఎన్నేళ్లయినా బక్కగానే ఉంటుంది. నీకూ తెలుసు."

"తెలిస్తే సరా? పైన్ పైన రాసుందా?"

"పైన లేదు. లోపలుంది."

డల్సీ రంపం తెచ్చింది. గుంపు ముందున్న మణికట్టంత పైన్‌ని మోకాలెత్తున కోసేసింది. జిగురు వాసన గుప్పుమంది. వయసు గీతలు గోరు దూరనంత దగ్గరగా ఉన్నాయి. హాడన్ లెక్కపెడుతూ పోయాడు. లావుది మొలిచింది నాన్న కళ్లముందే; గీతలు నాన్న వయసు దాటాక లెక్క ఆపి నవ్వాడు.

"ఒప్పుకుంటా, ఇదే ముసలిది. కానీ నాన్న చెప్పింది చెట్టు దగ్గర. నీ చెట్టేది? మిగతా బక్కవి దీని పిల్లలే. నిలబడ్డవాటిలో ముసలిది నాదే."

డల్సీ తన సాక్షిని తనే నరికేసుకుంది. హాడన్ తాపీగా దుంగని బండిలోకి ఎత్తుకున్నాడు. దుంగకి కొమ్ము తీసి ఒత్వం పెడితే ఏమవుతుందో వాడికి విడిగా చెప్పక్కర్లేదు.

"చెట్టు పట్టుకుపో," అంది డల్సీ. "మొదలు ఇక్కడే ఉంది. కంచె ఇక్కడే మొదలు."

"మొద్దుని హద్దంటావా? రేపు చెదలు తింటే?"

"ఈ అడవి పైన్ చేవని చెదలు ముట్టవు. నీకు చేవుంటే పీకు."

హాడన్ వంగాడు. పొట్ట అడ్డొచ్చింది. రెండు చేతులా పట్టుకుని లాగాడు, కాలితో తన్నాడు. మొదలు కదల్లేదు. వాడు కుంటుకుంటూ బండెక్కాడు.

సాయంత్రానికి డల్సీ ఆ మొదలుకు తీగ చుట్టి, బిగించి, తన గొర్రెల్ని నీళ్లకు వదిలింది. తీగ అవతల తమ్ముడి గొర్రెలు నీటి వాసనకు వచ్చి అరుస్తూ నిలబడ్డాయి. ఆమె చెవులు మూసుకోలేదు. తీగ విప్పనూ లేదు.